గడ్డి కోసే మిషన్ పది నిమిషాలకే ఆగిపోతోందా? షాపుకెళ్లే ముందు ఇంట్లోనే ఇవి చూడండి

నల్లజర్ల నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి వీడియో గడ్డి కోసే మిషన్ గురించి, అంటే మనం బ్రష్ కట్టర్ అంటాం కదా, దాని గురించి.

జబ్బు ఏంటంటే, మిషన్ స్టార్ట్ అవుతుంది. పది నిమిషాలు బాగానే కోస్తుంది. తర్వాత గొంతు మారుతుంది, దమ్ము తగ్గుతుంది, దానంతట అదే ఆగిపోతుంది. కాసేపు చెట్టు కింద కూర్చుని మళ్లీ తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. మళ్లీ పది నిమిషాలు, మళ్లీ ఆగడం.

ఇదే జబ్బు వల్ల పోయిన ఏడాది వానాకాలంలో నాకు 1,800 రూపాయలు పోయాయి. ఆరెకరాల పని చేతికొచ్చి పోయింది. మా నాన్న కాలి వేళ్లు కూడా పోవాల్సిందే, కొద్దిలో తప్పింది. చివరికి రిపేరుకి అయిన ఖర్చు ఎంతో తెలుసా? సున్నా. అందుకే ఈ వీడియో చేస్తున్నాను. స్కిప్ చేయకుండా చూడండి.

ముందు నా కథ కొంచెం

మాది మెట్ట ఏరియా అని మీకు తెలుసు. పామాయిల్ తోటలు, మధ్యలో కోకో, కొబ్బరి. పామాయిల్ మొక్కలు తొమ్మిది మీటర్ల దూరంలో ముక్కోణంగా వేస్తారు, ఎకరాకి 57 మొక్కలు వస్తాయి. ప్రతి చెట్టు మొదట్లో చుట్టూ గుండ్రంగా పాదు శుభ్రంగా ఉండాలి. గెల కోసినప్పుడు విడిపండ్లు రాలతాయి కదా, గడ్డిలో పడితే ఏరలేం, అవి పోయినట్టే. గెలలు పది పదిహేను రోజులకోసారి కోస్తారు. వానాకాలంలో గడ్డి మోకాలి దాకా లేస్తుంది. అప్పుడు మిషన్ ఉన్నవాడికే పని.

మాకు రెండెకరాలు. ఆ రెండెకరాలకే అయితే మిషన్ అక్కర్లేదు. నేనూ నాన్నా బయట తోటల్లో కూడా కోస్తాం, దాని మీదే మా వానాకాలం గడుస్తుంది. ఆగస్టులో ఆరెకరాల తోట ఒకటి ఒప్పుకున్నాం. రెండో రోజే మిషన్ మొరాయించింది. ఒక షాపుకి పట్టుకెళ్లాను. నాలుగు రోజులు ఉంచుకుని, కార్బొరేటర్ పోయిందని కొత్తది వేశారు. షాపు ముందే స్టార్ట్ చేసి చూపించారు, బ్రహ్మాండంగా తిరిగింది. తోటకి తెచ్చి కోస్తే పదో నిమిషానికి మళ్లీ ఆగింది.

అప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఆగిపోకుండా ఉండాలని ఐడిల్ స్క్రూ బిగించి స్పీడు పెంచేశాను. అది ఎందుకు తప్పో, ఏం జరిగిందో తర్వాత చెప్తాను. ముందు మిషన్ని ఎలా చెక్ చేయాలో వరసగా చూద్దాం.

మొదటి రూల్: ప్లగ్ క్యాప్ పీకండి

మిషన్ మీద ఏ పని చేయాలన్నా, బ్లేడ్ ముట్టుకోవాలన్నా, స్పార్క్ ప్లగ్ మీద ఉండే రబ్బరు క్యాప్ పీకి పక్కకి తిప్పి పెట్టండి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అనుకోవద్దు. ప్లగ్‌కి కరెంట్ వెళ్లే దారే లేకపోతే ఇంజన్ అనుకోకుండా స్టార్ట్ అయ్యే అవకాశమే ఉండదు. సైలెన్సర్ చల్లారాకే పెట్రోల్ జోలికి వెళ్లండి. సిగరెట్, బీడీ అయితే మీ ఊళ్లో కూడా వద్దు.

ఇంకొకటి. ఏ భాగం విప్పినా విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయండి. ప్రతి స్క్రూకీ ఒక ఫొటో. కార్బొరేటర్‌లో పల్చటి ప్యాకింగ్‌లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వరస తారుమారైతే ఇక స్టార్ట్ అవదు. మన చేతిలో ఫోన్ ఉంది కాబట్టి మెకానిక్ అంత జ్ఞాపకశక్తి మనకి అక్కర్లేదు.

ఇంజన్‌కి కావలసినవి మూడే

ఏ పెట్రోల్ ఇంజన్ అయినా మూడు అడుగుతుంది: నిప్పు, పెట్రోల్, గాలి. తాడు లాగితే బరువు తగలాలి, అంటే లోపల కంప్రెషన్ ఉందని అర్థం. తాడు వదులుగా, అడ్డం లేకుండా వచ్చేస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయేమో, అది ఇంట్లో చేసే పని కాదు. బరువు తగులుతోందంటే ఈ మూడింటిలో ఏది అందట్లేదో వెతకడమే మన పని.

ముందు ప్లగ్ విప్పి చూడండి. అది చాలా చెప్తుంది.

ప్లగ్ మూతి తడిగా ఉండి పెట్రోల్ వాసన కొడుతుంటే, పెట్రోల్ వస్తోంది, నిప్పు సరిగా లేదు. లేదా చోక్ వేసి మరీ లాగేసి ముంచేశారు. పొడిగా ఉంటే పెట్రోల్ అందట్లేదు. నల్లగా మసి పట్టి జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ కలిపారు, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. లేత ఇటుక రంగులో పొడిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు.

నిప్పు చూడాలంటే, విప్పిన ప్లగ్‌ని మళ్లీ క్యాప్‌లో పెట్టి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనప భాగానికి ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉంచి తాడు లాగండి. స్విచ్ ఆన్‌లో ఉండాలి. చుట్టుపక్కల పెట్రోల్ ఒలికి ఉండకూడదు. నీలం నిప్పురవ్వ టప్‌టప్ మని వస్తే బాగున్నట్టు. రాకపోతే ముందు కొత్త ప్లగ్ వేసి చూడండి. పాతదాన్ని ఉప్పు కాగితంతో మెల్లగా రుద్ది, రెండు మూతుల మధ్య గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండేలా సర్దినా చాలాసార్లు పనిచేస్తుంది. కొత్త ప్లగ్‌తో కూడా రవ్వ లేకపోతే స్విచ్ వైరు ఎక్కడన్నా ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతోందేమో చూడండి. అదీ బాగుంటే కాయిల్.

ముంచేశారనుకోండి, కంగారు లేదు. ప్లగ్ విప్పి, చోక్ తీసేసి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి తాడు ఆరేడు సార్లు లాగండి. ఎక్కువైన పెట్రోల్ బయటకి పోతుంది. ప్లగ్ తుడిచి బిగించి, చోక్ లేకుండా స్టార్ట్ చేయండి.

పెట్రోల్ దగ్గరే సగం జబ్బులు

మన దగ్గర ఎక్కువగా ఉండేవి టూ స్ట్రోక్ మిషన్లు. వీటికి విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు, పెట్రోల్‌లోనే టూ టీ ఆయిల్ కలపాలి. ఎంత కలపాలో మిషన్ మీద స్టిక్కర్‌లోనో, పుస్తకంలోనో ఉంటుంది. 25:1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. చాలామంది మూత కొలతతో అందాజాగా పోసేస్తారు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, మిషన్ రేటులో సగం దానికే పోతుంది. ఎక్కువైతే పొగ, మసి. మెడికల్ షాపులో పది రూపాయల సిరంజి దొరుకుతుంది, దానితో కొలవండి. ఫోర్ స్ట్రోక్ మిషన్ అయితే పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు, దాని ఆయిల్ గది వేరు. ఇది కూడా తికమక పడుతుంటారు.

రెండోది, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఈ20 అంటున్నారు కదా. ఇథనాల్‌కి నీళ్లంటే ఇష్టం. గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన దగ్గర వానాకాలం తేమ సంగతి చెప్పక్కర్లేదు, కొల్లేరు వైపు చేపల చెరువు గట్ల మీద మిషన్ వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. తేమ మితిమీరితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, పెట్రోల్ పైన తేలుతుంది. మిషన్ పైపు ఎక్కడుంటుంది? అడుగునే. అంటే ఇంజన్‌కి ముందు వెళ్లేది ఆ నీళ్లే.

టెస్ట్ సింపుల్. ట్యాంకులో పెట్రోల్‌ని గాజు సీసాలోకి వంచి, కదపకుండా అరగంట నీడలో ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోల్ పనికిరాదు. మురుగు కాలువలో పోయకండి, చేలో అసలు పోయకండి. దగ్గర్లో మెకానిక్ ఉంటే అడిగి ఇచ్చేయండి, ఇనప సామాన్లు కడుక్కుంటారు.

తర్వాత ట్యాంకులోకి వేలాడే ఫిల్టర్. చిన్న గుండు లాగా పైపు చివర ఉంటుంది. వంచిన తీగతో బయటికి లాగి చూడండి. నల్లగా ముద్దగా ఉంటే మార్చేయండి, తాడేపల్లిగూడెంలో స్పేర్ పార్ట్స్ షాపుల్లో తక్కువ రేటుకే దొరుకుతుంది. పైపు కూడా గోరుతో గిచ్చి చూడండి, గట్టిపడి పగిలుంటే పెట్రోల్‌కి బదులు గాలి పీలుస్తుంది. కార్బొరేటర్ కింద ఉండే రబ్బరు బల్బు నొక్కితే పెట్రోల్ రావాలి. బల్బు నొక్కినా బుడగలే వస్తుంటే పైపు పగిలినట్టు. నొక్కిన బల్బు పైకి లేవకపోతే ఎక్కడో మూసుకుపోయినట్టు.

అప్పుడు ఎయిర్ ఫిల్టర్. స్పాంజి అయితే సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి వేయండి. ఫిల్టర్ తీసేసి మాత్రం మిషన్ నడపకండి. గడ్డి నలుసు, దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి వెళ్తాయి.

ఇవన్నీ చూశాకే కార్బొరేటర్. లోపల డయాఫ్రం అని పల్చటి రబ్బరు పొర ఉంటుంది, ఇంజన్ ఊపిరికి కదులుతూ పెట్రోల్‌ని తోడుతుంది. అది మెత్తగా ఉండాలి. పాత క్యారీ బ్యాగ్ లాగా కరకరలాడుతుంటే మార్చాలి. ఆ కిట్ విడిగా దొరుకుతుంది, మొత్తం కార్బొరేటర్ మార్చక్కర్లేదు. రంధ్రాల్లో సూది, తీగ పెట్టకండి, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టండి, కళ్లకి అద్దాలు పెట్టుకుని.

అసలు దొంగ దొరికింది

ఇప్పుడు నా మిషన్ దగ్గరికి వద్దాం. ప్లగ్ కొత్తది. పైపు బాగుంది. ఫిల్టర్ బాగుంది. కార్బొరేటర్ అయితే షాపువాళ్లు వేసిన సరికొత్తది. అయినా పది నిమిషాలే.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు, ఒకప్పుడు డీజిల్ ఇంజన్లు బాగుచేసేవారు. అందరం మేస్త్రీ తాతయ్య అంటాం. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే నాన్న వెళ్లి చెప్పారు. తాతయ్య అడిగింది ఒకటే ప్రశ్న: "ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూశారా?"

"మూతకేముందండీ, బాగానే బిగుసుకుంటోంది" అన్నారు నాన్న.

"బిగుసుకోవడమేరా జబ్బు" అన్నారాయన.

మర్నాడు అదే చేశాం. ఆగగానే స్విచ్ ఆఫ్ చేసి, సైలెన్సర్‌కి ఇవతల నిలబడి, మూత మెల్లగా వదులు చేశాను. ఫుస్ మని గాలి లోపలికి పోయింది. మూత బిగించి తాడు లాగితే ఒక్క లాగుకే స్టార్ట్.

దీని వెనక లెక్క చూడండి. కొబ్బరి బొండానికి కన్నం పొడిచి స్ట్రా గట్టిగా కదలకుండా దిగ్గొట్టి పీలిస్తే కాసేపటికి నీళ్లు పైకి రావు. లోపలికి గాలి వెళ్లే సందు లేదు కదా. ట్యాంకు కూడా అంతే. పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతలో సన్నటి గాలి రంధ్రం పెడతారు. కొన్ని మిషన్లకి మూతలో కాకుండా విడిగా చిన్న పైపు ఉంటుంది. టూ టీ ఆయిల్ జిడ్డుకి దుమ్ము, గడ్డి పొడి అంటుకుని ఆ రంధ్రం మూసుకుపోయింది. పది నిమిషాల్లో లోపల గాలి లేని లాగుడు పెరిగి పెట్రోల్ రావడం ఆగిపోతుంది. మనం చెట్టు కింద కూర్చునేసరికి మెల్లగా ఎక్కడినుంచో కాస్త గాలి దూరుతుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది.

మరి షాపులో ఎందుకు దొరకలేదు? వాళ్లని తిట్టుకున్నాను గానీ, ఆలోచిస్తే నా తప్పు కూడా ఉంది. నేను "ఆగిపోతోంది" అని చెప్పి ఇచ్చి వచ్చేశాను. "పది నిమిషాలు నడిచాక ఆగుతోంది, ఆగాక ఇంత సేపటికి మళ్లీ వస్తోంది" అని చెప్పలేదు. షాపులో రెండు నిమిషాలు నడిపి చూస్తారు. పైగా పెట్రోల్ పోయడానికి మూత తీస్తారు, తీయగానే జబ్బు మాయం. అందుకే ఫ్రెండ్స్, మిషన్ ఆగేటప్పుడు ఒక వీడియో తీయండి. ఎన్ని నిమిషాలకి ఆగింది, ఆగేముందు గొంతు ఎలా మారింది, అన్నీ అందులో ఉంటాయి. మెకానిక్‌కి అది చూపించండి.

మూతలో ఉన్న రబ్బరు ముక్క తీసి, పెట్రోల్‌లో కడిగి, నోటితో కాకుండా సైకిల్ పంపుతో గాలి కొట్టాను. అయిపోయింది. కొంతమంది మూతకి మేకుతో ఇంకో కన్నం పొడుస్తారు. అలా చేయకండి. మిషన్ వంచినప్పుడు పెట్రోల్ కారి వేడి సైలెన్సర్ మీద పడితే మంట భుజానికే తగులుకుంటుంది.

మూత వదులు చేసినా స్టార్ట్ అవకపోతే? ఆగిన వెంటనే, వేడి మీదే నిప్పు టెస్ట్ చేయండి. ప్లగ్ కాలుతుంది, గుడ్డ పట్టుకుని విప్పండి. చల్లగా ఉన్నప్పుడు రవ్వ వచ్చి, వేడెక్కాక రాకపోతే కాయిల్ పోయినట్టు. నిప్పు ఉన్నా దమ్ము లేకపోతే సైలెన్సర్ నోట్లో సన్నటి జాలీ ఉంటుంది చూడండి, మసి పట్టి మూసుకుపోయి ఉంటుంది. చల్లారాక విప్పి బ్రష్‌తో రుద్దండి.

ఐడిల్ స్క్రూతో నేను చేసిన తప్పు

ఇందాక సగంలో ఆపాను కదా. ఈ మిషన్లలో ఇంజన్‌కీ బ్లేడ్‌కీ మధ్య ఒక క్లచ్ ఉంటుంది. స్పీడు పెరిగితే దాని చెప్పులు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి, బ్లేడ్ తిరుగుతుంది. రేస్ వదిలేస్తే చెప్పులు ముడుచుకుంటాయి, బ్లేడ్ ఆగాలి. ఐడిల్‌లో బ్లేడ్ తిరగకూడదు. ఇది మనల్ని కాపాడే ఏర్పాటు.

నేను ఐడిల్ పెంచేసరికి రేస్ వదిలినా బ్లేడ్ తిరుగుతూనే ఉంది. నాన్నకి ఆ సంగతి చెప్పలేదు. ఆయన తోటలో డ్రిప్ పైపు అడ్డం వస్తే, రేస్ వదిలేశాం కదా అని, మిషన్ కిందికి దించి ఇంకో చేత్తో పైపు జరపబోయారు. మిషన్ తిరగబడింది. బ్లేడ్ గమ్ బూటు ముందు భాగాన్ని కోసుకుంటూ పోయింది. బూటు విప్పేదాకా ఇద్దరికీ మాట రాలేదు. వేళ్లు ఐదూ ఉన్నాయి. మేజోడు మాత్రం చిరిగింది.

ఆ బూటు ఇప్పటికీ మిషన్ పక్కనే మేకుకి తగిలించి ఉంది. నాన్న పారేయనివ్వలేదు. నన్ను ఒక్క మాట అనలేదు గానీ, దాన్ని అక్కడ తగిలించింది మాత్రం ఆయనే.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. జబ్బు దొరక్కపోతే స్క్రూలు తిప్పి కప్పెట్టకండి. జబ్బు అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకో ప్రమాదం ఎక్కుతుంది. స్క్రూ తిప్పాల్సి వస్తే ముందు ఎక్కడ ఉందో ఫొటో తీసి, మళ్లీ అక్కడికే తేండి. రోజూ పని మొదలెట్టే ముందు బ్లేడ్ గాలిలో ఉంచి రేస్ వదిలి చూడండి. ఆగకపోతే ఆ రోజు కోత లేదు.

బ్లేడ్ వైపు రెండు మాటలు

బ్లేడ్ నట్టు చాలా మిషన్లకి ఎడమ మర ఉంటుంది. అంటే మామూలు నట్టుకి తిరగేసి, కుడివైపు తిప్పితే ఊడుతుంది. తెలియక ఎడమకి గట్టిగా తిప్పి మర తెంపేసుకుంటారు. గేర్ పెట్టెకి పక్కన చిన్న బోల్టు ఉంటుంది, అది విప్పి పుస్తకంలో చెప్పినన్ని గంటలకోసారి గ్రీజు పెట్టండి. పని చేశాక గేర్ పెట్టె చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే గ్రీజు అయిపోయిందని అనుమానించండి. బ్లేడ్‌కి పగులు కనిపిస్తే వెల్డింగ్ చేయించకండి, పారేయండి. కళ్లద్దాలు, బూట్లు లేకుండా కోయకండి, చుట్టూ పదిహేను మీటర్లలో ఎవరినీ నిలబడనివ్వకండి.

పెద్ద మిషన్లకీ ఇదే లెక్క

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇంటి ముందు గడ్డి కోయడానికి చిన్న ట్రాక్టర్ లాంటి మిషన్ మీద కూర్చుని తోలతారు. మొన్న వీడియో కాల్‌లో "తమ్ముడూ, స్టార్టే అవట్లేదురా" అన్నాడు. దానికి మనలా తాడు ఉండదు, బ్యాటరీ ఉంటుంది. సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. సీటులో మనిషి లేకుండా బ్లేడ్ వేస్తే ఇంజన్ ఆగిపోతుంది. బ్రేక్ తొక్కకపోతే స్టార్ట్ కాదు. బ్యాటరీ తీగల దగ్గర తెల్లగా పూత పట్టిందేమో చూడమన్నాను. పట్టింది. కడిగి బిగించాడు, స్టార్ట్ అయింది. "ఆ సీటు స్విచ్ ఎప్పుడూ అడ్డం వస్తోంది, తీగ కలిపేస్తా" అన్నాడు. ఫోన్ తిప్పి నాన్న బూటు చూపించాను. ఇక ఆ మాట ఎత్తలేదు.

సీజన్ అయిపోయాక

నెల రోజులు వాడమనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క కూడా అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి. కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుంటే జిగురు కడుతుంది. కలిపిన పెట్రోల్ ఎక్కువ రోజులు దాచకండి, ఏ వారానికి ఆ వారం కలుపుకోండి. ట్యాంకు మూత తుడవడం మర్చిపోవద్దు, మా పద్దెనిమిది వందలు అక్కడే పోయాయి.

ఆ ఆరెకరాల తోట ఏమైందంటారా? వేరేవాళ్లు కోసేశారు. గెలలు మన మిషన్ కోసం ఆగవు కదా. కానీ ఈ ఏడాది ఆ తోట ఆయనే ఫోన్ చేశారు. "మీ మిషన్ బాగుందా బాబూ?" అని అడిగారు. "బాగుందండి, నేనే బాగుచేశాను" అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

మీ మిషన్‌కి ఏం జబ్బో కామెంట్‌లో రాయండి. ఎన్ని నిమిషాలకి ఆగుతోందో కూడా రాయండి, అది లేకుండా చెప్పడం కష్టం. నాకు తెలిస్తే చెప్తాను, లేకపోతే మేస్త్రీ తాతయ్యని అడిగి చెప్తాను. ఉంటానండి, బాయ్.